పాత కన్సర్టీనా అమ్మాలనుకుంటున్నారా? ముందు దాన్ని తుడవడం ఆపండి

ఆరు మూలల చిన్న పెట్టె. మధ్యలో మడతల తిత్తి, రెండు పక్కలా వేలి కొసంత బటన్లు. మీ చేతికి ఇలాంటిది వస్తే అది కన్సర్టీనా. హార్మోనియంకి దగ్గర చుట్టమే. గాలి తగిలితే లోపల లోహపు రీడు కంపించి పలుకుతుంది. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకి ఇది కార్ల డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే ఆదివారం సంతలో (కార్ బూట్ సేల్) దొరకొచ్చు, కొత్తగా కొనుక్కున్న పాత ఇంటి అటక మీద కనపడొచ్చు. నాకైతే పక్కింటి పెద్దావిడ తెచ్చి, వాళ్ల నాన్నది, అమ్మిపెట్టమని అడిగారు. మన ఊళ్లలో అరుదే కానీ అసలు ఉండదని చెప్పలేను. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్లు వీధి ప్రార్థనల్లో కన్సర్టీనా విరివిగా వాడేవారు, ఆ సంస్థ స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేసింది. కోస్తాలో ఏ పాత కుటుంబం ట్రంకుపెట్టెలోనో ఒకటి బయటపడితే నేను ఆశ్చర్యపోను.

ఇది రాయడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మొదటి పని: ఏమీ చేయకపోవడం

నేను మొదట కొన్నది లాచెనాల్ అనే పాత కంపెనీ చేసిన 20 బటన్ల కన్సర్టీనా. మహాగని చెక్క, పైన వందేళ్ల మట్టి. అమ్మే వస్తువు శుభ్రంగా ఉండాలి కదా అని పక్క పలకలు గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేశాను. తిత్తి మూలల్లో రెండు చిల్లులు కనిపిస్తే టేపు అంటించాను. మెరిసిపోతుంటే చూసుకుని మురిసిపోయాను కూడా. తర్వాత కన్సర్టీనాలు బాగుచేసే ఒకాయన దగ్గరకి తీసుకెళ్తే, ఆయన పలక మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాసి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. పాత పాలిష్ పోయింది. జాలీ చెక్కడం అంచులు గుండ్రబడిపోయాయి. టేపు ఊడదీస్తే దానితోపాటు తిత్తి మీది నకాషీ కాగితం ఊడొచ్చింది. చిల్లులకి పలచటి తోలు ముక్క అతికిస్తే సరిపోయేదట. నా రిపేరు వల్ల పని పెరిగింది, ధర తగ్గింది.

అందుకే చెబుతున్నాను. కొనేవాడు వాయించేవాడైనా, సేకరించేవాడైనా, బాగుచేసి అమ్మే వ్యాపారి అయినా, అందరూ వెతికేది ఎవరూ చెయ్యి పెట్టని వాయిద్యాన్నే. ఆగిపోయిన బటన్, గాలి పోయే తిత్తి, బిగుసుకుపోయిన పట్టీ, ఇవన్నీ తెలిసినవాళ్లు ఎప్పుడైనా సరిచేయగలరు. గీకేసిన చెక్కని, అరగదీసిన రీడుని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. మెత్తటి పొడి గుడ్డతో పై దుమ్ము దులపండి, చాలు. బ్రాస్ పాలిష్, నూనె, ఫెవికాల్, సూపర్ గ్లూ, తడిగుడ్డ, ఇవేవీ వద్దు. బటన్ ఇరుక్కుందని స్ప్రే కొట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ నూనె లోపలి తోలు ప్యాడ్లలోకి, రీడ్లలోకి దిగుతుంది.

బటన్ నొక్కకుండా తిత్తిని లాగకండి, నొక్కకండి. గాలికి దారి లేకపోతే ఒత్తిడంతా పాత మడతల మీద పడుతుంది.

ఇది ఏ రకం?

ధరని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఇదే, తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ముందు పట్టుకునే చోటు చూడండి. బొటనవేలు దూర్చే చిన్న తోలు ఉంగరం, చిటికెన వేలు ఆనించే లోహపు రేకు ఉంటే అది ఇంగ్లీష్ రకం. అరచేయి మొత్తం దూరే పట్టీ ఉంటే ఆంగ్లో గానీ డ్యూయెట్ గానీ. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి ఒకే బటన్ నొక్కి ఉంచి తిత్తిని లోపలికి నొక్కండి, తర్వాత బయటికి లాగండి. స్వరం మారితే ఆంగ్లో, మౌత్ ఆర్గాన్‌లో ఊదితే ఒకటి పీలిస్తే ఒకటి పలికినట్టు. రెండు వైపులా అదే స్వరం వస్తే డ్యూయెట్. బటన్లు లెక్కపెట్టి రాసుకోండి. ఇంగ్లీష్ రకంలో ఎక్కువగా 48 ఉంటాయి, ఆంగ్లోలో 20 గానీ 30 గానీ.

దీనికింత ప్రాముఖ్యం ఎందుకంటే, ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలో, ముఖ్యంగా క్లేర్ కౌంటీ వాయించే తీరులో, ఆంగ్లోదే రాజ్యం. అందుకని 30 బటన్ల మంచి ఆంగ్లోకి కొనేవాళ్లు బారులు తీరి ఉంటారు. డ్యూయెట్ ఎంత గొప్ప పనితనంతో చేసినా వాయించేవాళ్లు తక్కువ, ధరా తక్కువే. నాకిది బాధగానే ఉంటుంది, కానీ బజారు లెక్క అది.

పేరు, నంబర్, చిరునామా

కన్సర్టీనాకి మూలపురుషుడు చార్లెస్ వీట్‌స్టన్. ఇంటర్ ఫిజిక్స్‌లో మనందరం గీసిన వీట్‌స్టన్ బ్రిడ్జ్ పేరు ఈయనదే. (నిజానికి ఆ సర్క్యూట్‌ని ముందు కనిపెట్టింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ, ప్రచారంలోకి తెచ్చింది వీట్‌స్టన్.) ఈయన కుటుంబానిది లండన్‌లో వాయిద్యాల వ్యాపారం. 1829లో తీసుకున్న పేటెంట్‌లో దీని బీజం ఉంది, 1844లో మరో పేటెంట్. తర్వాత ఆ కంపెనీకి పనిచేసిన లూయీ లాచెనాల్ సొంతంగా పెట్టుకుని లెక్కలేనన్ని తయారు చేశాడు. జెఫ్రీస్, క్రాబ్, జార్జ్ జోన్స్, జార్జ్ కేస్ పేర్లు కూడా మీకు తగలొచ్చు.

పేరు ఎక్కడుంటుంది? పక్క పలక మీది జాలీలో గుడ్లాకారపు చిన్న కిటికీలు ఉంటాయి. ఒక వైపు తయారీదారు చీటీ, రెండో వైపు సీరియల్ నంబర్. లోహపు పలకలైతే పేరు లోహం మీదే గుద్ది ఉండొచ్చు. చీటీ చిరిగినా, సగం చెరిగినా అలాగే ఉంచండి, పొరపాటున కూడా అతికించకండి. దాని మీది చిరునామా కూడా వయసు చెబుతుంది. వీట్‌స్టన్ చీటీ మీద కాండ్యూట్ స్ట్రీట్ ఉంటే పాతది, వెస్ట్ స్ట్రీట్ ఉంటే ఇరవయ్యో శతాబ్దానిది.

వీట్‌స్టన్ అయితే మీ అదృష్టం. ఆ కంపెనీ చేతిరాత లెడ్జర్లు లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, వాటి ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టారు. అన్ని సంవత్సరాలవీ లేవు కానీ, మీ నంబర్ ఉంటే తయారైన కాలమో అమ్ముడైన రోజో సిరాతో రాసి కనిపిస్తుంది. పక్కింటి ఆవిడకి ఆ పేజీ నా ఫోన్‌లో చూపించినప్పుడు ఆవిడ కళ్లజోడు తుడుచుకుని ఆ ఒక్క వరుసని మళ్లీ మళ్లీ చదివారు. లాచెనాల్‌కి ఇంత సౌకర్యం లేదు, నంబర్‌ని బట్టి కాలాన్ని అంచనా వేసుకోవాల్సిందే.

పేరు ఏమీ లేకుండా, తేలిగ్గా, పలుచటి చెక్కతో ఉంటే అది చవక జర్మన్ వాయిద్యం కావచ్చు. జర్మనీలోని కెమ్నిట్స్‌లో కార్ల్ ఫ్రీడ్రిక్ ఊలిగ్ 1834లో తన రకాన్ని మొదలుపెట్టాడు, ఆంగ్లోకి ఆ స్వరాల అమరికే ఆధారం. ఆ చవక జర్మన్ వాయిద్యాల్లో చాలావాటికి పెద్ద ధర రాదు. అయినా తేల్చుకోకుండా ఎవరికీ ఇచ్చేయకండి.

పలుకుతుందా, గాలి నిలుస్తుందా?

ముందు తిత్తి. వాయిద్యాన్ని నిలువుగా, ఒక వైపు చెక్క పెట్టెని అరచేత్తో పట్టుకోండి. పాత పట్టీలు తెగుతాయి కాబట్టి వాటిని నమ్మొద్దు. రెండో చెయ్యి కిందే ఉంచి, ఏ బటనూ నొక్కకుండా, కింది పెట్టెని దాని బరువుకే మెల్లగా వదలండి, చేత్తో లాగకండి. నెమ్మదిగా, అయిష్టంగా జారుతుంటే తిత్తి ఆరోగ్యంగా ఉన్నట్టే. చటుక్కున పడిపోతుంటే గాలి పోతోంది. ఎన్ని సెకన్లు పట్టిందో వీడియో తీయండి. కొనేవాళ్లకి మీ వర్ణన కన్నా ఆ వీడియో ఎక్కువ చెబుతుంది.

తర్వాత ఒక కాగితం తీసుకుని బటన్ల పటం గీసుకోండి. 48 బటన్లంటే నొక్కితే ఒక రీడు, లాగితే ఒక రీడు, మొత్తం 96. ప్రతిదాన్నీ రెండు వైపులా వాయించి రాయండి: పలికింది, పలకలేదు, గురగురమంది, ఆగకుండా మోగుతోంది. గంట పడుతుంది. టెన్షన్ పడాల్సిన పని లేదు, పాత వాయిద్యంలో కొన్ని పలకకపోవడం మామూలే. చాలాసార్లు రీడు కింద ఒక దుమ్ము పోగు ఇరుక్కుని ఉంటుంది, అంతే.

శ్రుతి సంగతి వేరు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే స్వరాలన్నీ ఇప్పటి ఏ=440 (అంటే ‘ఏ’ అనే స్వరానికి సెకనుకి 440 కంపనాలు) కన్నా పైన కనిపించొచ్చు. చెడిపోయిందనుకోకండి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఏ=452 దరిదాపుల్లో శ్రుతి చేసేవారు. హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో దాదాపు సగం తేడా అది. అన్నీ ఒకే కొలతలో ఎక్కువగా ఉంటే అది అసలు శ్రుతే, ఎవరూ ముట్టుకోలేదనడానికి సాక్ష్యం. ఇంకా పాత ఇంగ్లీష్ రకంలో, హార్మోనియం మీద ఒకే మెట్టుగా ఉండే డి-షార్ప్‌కీ ఇ-ఫ్లాట్‌కీ వేర్వేరు బటన్లు, వేర్వేరు స్వరస్థానాలు ఉండేవి. ఆ పాత పద్ధతి చెదరకుండా ఉన్న వాయిద్యం కోసం వెతికేవాళ్లు ఉన్నారు.

అమ్మే ముందు శ్రుతి చేయించవద్దు. రీడుని శ్రుతి చేయడమంటే లోహాన్ని ఆకురాయితో గీకడం. ఒకసారి పోయిన లోహం తిరిగి రాదు. 440కి తేవాలా, పాత శ్రుతిలోనే ఉంచాలా అన్నది కొనేవాడు తీసుకోవాల్సిన నిర్ణయం, దాన్ని మనం లాక్కోకూడదు.

లోపల చూడాలంటే

తప్పనిసరి కాదు. ధైర్యం చాలకపోతే ఈ భాగం వదిలేయండి, విప్పని వాయిద్యానికి విలువ తగ్గదు. విప్పగలిగితే మాత్రం మంచి ఫొటోలు వస్తాయి, కొనేవాళ్లకి నమ్మకం పెరుగుతుంది.

పక్క పలక చుట్టూ మామూలుగా ఆరు పొడవాటి బోల్టులుంటాయి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. ఒక అట్టముక్క మీద ఆరు మూలల బొమ్మ గీసి, ఏ మూల బోల్టుని ఆ మూలే గుచ్చండి. పాతకాలం బోల్టులు అన్నీ ఒకేలా కనిపించినా ఏ రంధ్రానిది ఆ రంధ్రానికే అలవాటు పడి ఉంటుంది. ఒకటి తిరగనని మొరాయిస్తే అక్కడితో ఆగిపోండి. బలవంతం చేస్తే లోపలి నట్టుతో సహా చెక్క చీలుతుంది.

నేను పక్కింటి ఆవిడది విప్పినప్పుడు ముందు వాసన వచ్చింది. పాత తోలు, చెక్క, మూసి ఉంచిన బీరువా వాసన. పలక కింద ఇత్తడి లీవర్లు విసనకర్రలా పరుచుకుని ఉన్నాయి, ఒక్కో లీవర్ కొసన చిన్న తోలు ప్యాడ్. దాని కింద రీడ్ల పలక. చిన్న చిన్న గదులు మధ్య నుంచి బయటికి చక్రం ఆకుల్లా విడిపోయి ఉంటాయి, ప్రతి గదిలో ఒక ఇత్తడి చట్రం గాడిలోకి జారి కూర్చుని ఉంటుంది, దాని మీద స్వరం అక్షరం గుద్ది ఉంటుంది. పలక లోపలి వైపు పెన్సిల్‌తో ఎవరో పేరు, తేదీ రాసుకున్నారు. వెనకటి రిపేరు మనిషి గుర్తు. అలాంటివి రబ్బరుతో చెరపకండి, ఫొటో తీయండి.

చూడాల్సినవి ఇవి. రీడు నాలుకలు పసుపు రంగైతే ఇత్తడి, నీలి బూడిద రంగైతే ఉక్కు. ఉక్కు గట్టిగా పలుకుతుంది, ఎక్కువ మంది అడిగేదీ అదే. ఉక్కు మీద ఎర్ర తుప్పు ఎంతుందో చూడండి. సీరియల్ నంబర్ లోపల రీడ్ల పలక మీద, తిత్తి చట్రం మీద కూడా ఉంటుంది. బయటిది, లోపలివి కలిస్తే భాగాలన్నీ పుట్టినప్పటివే అని ధైర్యంగా రాయొచ్చు. రీడుని వేలితో మీటకండి, బయటికి లాగకండి. ఫొటోలయ్యాక బోల్టులు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించండి, గట్టిగా తిప్పొద్దు.

బటన్లు దేనితో చేశారు?

ఇది సరదా ప్రశ్న కాదు, చట్టం. తెల్ల బటన్లు ఎక్కువగా ఎముకవి. భూతద్దంలో చూస్తే సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి. కొన్ని పాత, ఖరీదైన వాయిద్యాల్లో ఏనుగు దంతం వాడారు. బ్రిటన్‌లో ఐవరీ యాక్ట్ 2018 ప్రకారం, 2022 జూన్ 6 నుంచి దంతం ఉన్న వస్తువులు అమ్మడం నిషేధం. 1975కి ముందు తయారై, మొత్తం పరిమాణంలో దంతం 20 శాతం కన్నా తక్కువ ఉన్న సంగీత వాయిద్యాలకి మినహాయింపు ఉంది, కానీ అమ్మకానికి పెట్టకముందే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేయించాలి. అనుమానం ఉంటే తెలిసినవాళ్లకి చూపించి తేల్చుకున్నాకే ప్రకటన ఇవ్వండి. దంతం ఉన్నవాటిని చాలా ఆన్‌లైన్ సంతలు అసలు రానివ్వవు. దేశం దాటించాలంటే సైటెస్ (అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు అదనం. పక్క పలకలు బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే దానికీ ఆ నిబంధనలు వర్తిస్తాయి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. మన దగ్గర దంతం అమ్మకం నేరం. వందేళ్లు దాటిన వస్తువుని విదేశాలకి పంపేముందు అది పురావస్తువు కిందకి వస్తుందో లేదో భారత పురావస్తు సర్వేక్షణ శాఖని అడిగి, కాగితం తీసుకున్నాకే కదలండి.

ఎంత అడగాలి, ఎక్కడ అమ్మాలి?

ప్రకటనల్లో కనిపించే ధర అడిగిన ధర మాత్రమే. ఎంతకి అమ్ముడైందో చూడాలి. వేలం సంస్థలు పాత ఫలితాలు పెడతాయి, ఆన్‌లైన్ సంతల్లో అమ్ముడైనవి మాత్రమే చూపించే సదుపాయం ఉంటుంది. మీదాని రకం, బటన్ల సంఖ్య, తయారీదారు, రీడ్ల లోహం, ఈ నాలుగూ కలిసే వాటితోనే పోల్చండి. 20 బటన్ల మామూలు లాచెనాల్ వందల పౌండ్లలో తిరిగితే, 30 బటన్ల మంచి జెఫ్రీస్ వేలల్లో పలుకుతుంది. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే సంతలో ఎవరో వచ్చి, జేబులోంచి నోట్లు తీసి, ఇప్పుడే ఇచ్చేయమంటే ఇవ్వకండి.

దారులు మూడు. కన్సర్టీనాలే అమ్మే వ్యాపారికి ఇస్తే పని త్వరగా అవుతుంది, తన రిపేరు ఖర్చు, లాభం తగ్గించుకుని ఇస్తాడు. అది న్యాయమే. వాయిద్యాల వేలం సంస్థకి ఇస్తే కమిషన్ ఎంత, ఫొటోకీ ఇన్సూరెన్స్‌కీ విడిగా తీసుకుంటారా అని ముందే అడిగి, కనీస ధర రాతలో పెట్టించండి. వాయిద్యాలతోపాటు కుర్చీలూ పింగాణీ కూడా అమ్మే మామూలు వేలం మాత్రం నాకు నచ్చదు. అక్కడ ఆంగ్లోని ఇంగ్లీష్ అని రాసేస్తారు. మూడోది నేరుగా వాయించేవాళ్లకి అమ్మడం. 1952లో మొదలైన ఇంటర్నేషనల్ కన్సర్టీనా అసోసియేషన్ లాంటి సంఘాల ద్వారా వాళ్లని చేరొచ్చు. ఓపిక కావాలి, ప్రశ్నలు చాలా వస్తాయి, కానీ నాకు ఇష్టమైన దారి ఇదే. వాయిద్యం మళ్లీ మోగుతుంది.

అమ్మే ముందు ఇద్దరి దగ్గర అంచనా తీసుకోండి. కొనాలనుకునేవాడే అంచనా వేసేవాడైతే రెండో అభిప్రాయం తప్పనిసరి.

ప్రకటన రాయడం

ఫొటోలు పగటి వెలుతురులో, కిటికీ పక్కన తీయండి. రెండు పక్క పలకలు ఎదురుగా, చీటీ, నంబర్, తిత్తి తెరిచినప్పుడు మడతల కాగితాలు, పట్టీలు, ప్రతి చీలిక దగ్గరగా, పాత పెట్టె లోపలా బయటా. ఆ పెట్టె చినిగిపోయి ఉన్నా పారేయకండి. తాళంచెవి, పాత స్వరాల పుస్తకం, కొన్నప్పటి రసీదు ఉంటే బంగారమే.

రాతలో ముందు తెలిసినవి: రకం, బటన్లు, తయారీదారు, నంబర్, శ్రుతి కొలత. తర్వాత లోపాలు, ఒక్కటీ దాచకుండా. పక్కింటి ఆవిడదానికి నేను రాసిందిది: ఎడమ వైపు మూడు స్వరాలు నొక్కినప్పుడు పలకవు, కుడి బొటనవేలి పట్టీ తెగింది, తిత్తి నాలుగో మడత మూలలో గాలి పోతోంది, శ్రుతి పాతది, మా చేతికి వచ్చాక ఏ రిపేరూ చేయలేదు, అంతకుముందు సంగతి లోపలి పెన్సిల్ రాత తప్ప తెలియదు. ఆ చివరి ముక్క ముఖ్యం. ఎవరూ ముట్టుకోలేదు అని మనం సాక్ష్యం లేకుండా అనలేం. 96 రీడ్ల పట్టికని కూడా ఫొటో తీసి పెట్టాను. వచ్చిన ఫోన్లలో బేరం తక్కువ, ధన్యవాదాలు ఎక్కువ.

చేతులు మారేటప్పుడు

వీలైతే చేతికే ఇవ్వండి. కొనేవాళ్లని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, తొందరపెట్టకుండా వాయించుకోనివ్వండి. డబ్బు బ్యాంకులో పడ్డాక వాయిద్యం ఇవ్వండి. చూడకుండానే అడిగినదానికన్నా ఎక్కువ పంపిస్తాను, మిగతాది మా కొరియర్ మనిషికివ్వండి అనేవాళ్లతో మాట పెంచకండి, అది మోసం.

పంపక తప్పకపోతే కొరియర్ షరతులు చదవండి. పాత వస్తువులకి, వాయిద్యాలకి నష్టపరిహారం ఇవ్వమని చాలామంది చిన్న అక్షరాల్లో రాసుకుంటారు. తిత్తి పూర్తిగా మూసి, పెట్టెలో పెట్టి, లోపల కదలకుండా మెత్తటి గుడ్డ సర్దండి. ఆ పెట్టె చుట్టూ నాలుగు వేళ్ల మందాన మెత్తటి సామాను వేసి అట్టపెట్టెలో, దాన్ని ఇంకో అట్టపెట్టెలో పెట్టండి. ఊపి చూడండి, చప్పుడు రాకూడదు. బ్రిటన్‌లో సొంత వస్తువు 6,000 పౌండ్ల లోపు అమ్ముడైతే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, అంతకు మించితే లెక్క చూసుకోవాలి.

వాయిద్యంతోపాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఎవరిది, ఏ ఊళ్లో ఉండేది, ఎవరు వాయించేవారు, మీకెలా వచ్చింది, తెలిసినంతే. పక్కింటి ఆవిడ తన చేత్తోనే రాశారు, వాళ్ల నాన్న ఆదివారం సాయంత్రాలు వంటింటి గుమ్మంలో కూర్చుని వాయించేవారని. కొన్న అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాత పెట్టె మూత లోపల, స్వరాల పుస్తకం పక్కన దాచుకుంది.